కండెం సామాను

మొట్టమొదట వచ్చింది ఇత్తడి కీ.
గుంతకల్లు తారాఫీసు కండెం సామాన్ల వేలంలో
హుస్సేనప్ప ఏడు రూపాయలకు పాడుకున్నాడు.
ముప్పై ఏళ్లు తన వేలితో అరిగించిన దాన్ని
తనే మళ్లీ కొనుక్కొని
గోనెసంచిలో తెచ్చి మా గడపలో దించాడు.
"ఉరకొద్దు అబ్బీ,
అవతలోనికి చెవులుండాయి గానీ చక్రాల్లేవు."

ఆ వేసవంతా చెనిక్కాయలు ఒలుస్తూ నేర్చుకున్నా.
ఒక విత్తు ఉంటే చుక్క,
రెండుంటే గీత.
మూడు విత్తులది దొరికితే తినేసేవాణ్ని.

తర్వాత ట్రాన్స్‌మీటరు.
వాల్వు బళ్లారి పాతబజారులో దొరికింది,
పెట్టె కిరసనాయిలు డబ్బాను కోసి చేశా.
ట్రాన్స్‌ఫార్మరు మాత్రం ఓబులేసు చుట్టాడు,
బోరుమోటార్లు చుట్టే చేత్తోనే.
ఆరువందల పన్నెండో చుట్టు దగ్గర
ఎవడో వచ్చి "టీ తాగుదామా?" అన్నాడు.
లెక్క పోయింది.
మళ్లీ ఒకటి.

రాగితీగ మా పిట్టగోడ నుంచి
పాల్‌రాజు మాస్టారి మిద్దె దాకా.
ఆషాఢం గాలికి ఏటా తెగేది, ఏటా కట్టేవాణ్ని.
నా తొలి పిలుపు కొలంబో దాకా పోయింది,
పోతూ పోతూ
మాస్టారింటి రేడియోను కూడా పలకరించింది.
ఆయన లుంగీతోనే వచ్చాడు:
"ప్రాంతీయ వార్తల్లో ఆ కిచకిచలేందప్పా?"
తీగ ఆయన మిద్దె మీదే ఉంది.
ఏమని చెప్పను?

వాల్వులు వెలిగితే గది కుంపటి.
బల్లులు చలికాలమంతా అందులోనే కాపురం.
తిరిగే కండెన్సరు రేకుల నడుమ
ఒకటి ఇరుక్కొని అక్కడే ఎండిపోయింది.
దాన్ని తీసేస్తే ఫ్రీక్వెన్సీ జరిగిపోయింది.
తిరిగి పెట్టలేం గదా.

ట్రాన్సిస్టర్లొచ్చాక కుంపటి ఆరింది.
పెట్టె టిఫిను డబ్బా అంత అయింది,
ఆ తర్వాత అరచేయంత.
ఇప్పుడు ల్యాప్‌టాప్‌కు గుచ్చే బెత్తెడు ముక్క.
బ్యాండంతా తెర మీద జలపాతంలా జారుతుంది.
మా జిల్లాలో నీళ్లు అట్లా దూకడం చూసి
మొదటి వారం నేను ఏమీ వినలేదు,
ఊరికే చూస్తూ కూర్చున్నా.

కానీ అన్నీ మురుగునీళ్లే.
రైలు లైను మీదికి కరెంటు తీగలొచ్చాయి.
ఇంటింటా ఎల్‌ఈడీ బల్బులు,
మంచం మంచానికి చార్జర్లు.
ఊరు నిద్రపోయినా గుయ్‌మంటూనే ఉంటుంది.
చెవులుండాయి అన్నావు గదా హుస్సేనప్పా,
నువ్వు పోయినాక
వాటి నిండా దూది కుక్కినారు.

మొన్న రాత్రి తొమ్మిదిన్నరకు కరెంటు పోయింది.
కాలనీ అంతా ఒక్క గొంతుతో తిట్టింది.
నేను మోకాళ్ల నొప్పి మరిచి
స్కూటరు బ్యాటరీ ఊడబీక్కొచ్చా.
పాత పెట్టెకు తగిలించా, కీ బల్ల మీదికి లాగా.

ఏడు మెగాహెర్ట్జ్ మీద
వాన వెలిసిన రేగడిలా ఉంది నిశ్శబ్దం.
అందులో ఒక చిన్న అడుగు.
ఎవరో కొత్త చెయ్యి.
గీత రావలసిన చోట చుక్క పెట్టి,
ఎనిమిది చుక్కలతో తుడిపేసి
మళ్లీ మొదలుపెడుతున్నది.
ఆడో మగో, పదేళ్లో అరవయ్యో,
చుక్కలకు వయసుండదు.

నేను జవాబు ఇచ్చా,
అవుటర్లో సిగ్నలు కోసం కాచుకున్న
గూడ్సుబండి అంత నిదానంగా.
అటువైపు కాసేపు ఏమీ లేదు.
తర్వాత, సంతోషమో భయమో, తడబడుతూ
తన పేరక్షరాలు.
వీ. యూ. మూడు.
ఒకటి. ఇంకొకటి.

అప్పుడే కరెంటొచ్చింది.
కాలనీ పిల్లలు "హో" అన్నారు.
గుయ్.

లాగ్‌బుక్కులో తేదీ వేశా, టైము వేశా.
వచ్చినన్ని అక్షరాలు రాసి
చివరిదానికి చోటు వదిలిపెట్టా.
కరెంటోళ్లను ఇన్నేళ్లలో ఎప్పుడూ
ఇచ్చినందుకు తిట్టలేదు.

బ్యాటరీని చార్జింగుకు పెట్టి పడుకున్నా.
ఆ చార్జరూ గుయ్యనే.